నడిచిన దారిని, చదివిన కథను కలంకారీ పటంగా మార్చడం ఎలా?

ప్రయాణం నుంచో పుస్తకం నుంచో ఒక కళావస్తువు చేయాలనుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పని, ఫోన్లో ఉన్న ఫోటోను కప్పు మీదో టీషర్ట్ మీదో ప్రింట్ వేయించడం. ఇంట్లో ఉంచుకోవడానికి అది బాగానే ఉంటుంది. కానీ అందులో మీరు నడిచిన దారి ఉండదు, చదివిన కథా ఉండదు. తిరుపతిలో ఉండి డిజైన్ పని చేసుకునే నాకు ఇన్నాళ్ల పనిలో గట్టిగా నమ్మకం కుదిరింది ఒక్క విషయం మీదే: వస్తువు ఆకారం ప్రయాణంలోంచి రావాలి. పొడవాటి దారికి పొడవాటి వస్తువు, బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ప్రయాణానికి గుండ్రటి వస్తువు. బొమ్మ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

వట్టి మాటల్లో చెబితే ఇది చేతికి అందదు. అందుకే ఒక్క ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. దారి, అలిపిరి నుంచి తిరుమలకు కాలినడక. కథ, చిన్నప్పటి అన్నమయ్య ఆ దారిలోనే ఉన్న మోకాళ్ల మెట్టు దగ్గర చెప్పులు విడిచిన ఘట్టం. చేతిపని శ్రీకాళహస్తి కలంకారీ, అంటే బట్ట మీద వెదురు కలంతో బొమ్మలు గీసి రంగులు వేసే పని. మీది పలమనేరో కుప్పమో అయితే మీకు దగ్గరగా ఉన్న దారిని, మీరు ప్రేమించే కథను పెట్టుకోండి. పద్ధతి మారదు.

నల్లరంగు ముందే ఊరేయండి

నడకకు వెళ్లే ముందే ఇంట్లో ఒక పని మొదలుపెట్టాలి. కలంకారీలో నల్లగీతకు వాడే రంగు తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు మట్టికుండలో వేసి, మూతికి బట్ట కట్టి, రోజూ కర్రతో కలుపుతూ ఉండండి. పులిసిన వాసన వస్తుంది, కంగారు పడక్కర్లేదు. వారాలు గడిచాక వడకట్టుకుంటే మీ సిరా సిద్ధం. ఈలోగా చదవడం, నడవడం రెండూ అయిపోతాయి.

కథ ముందు, నడక తర్వాత

అన్నమయ్య జీవితం గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆయన మనవడు తాళ్లపాక చిన్నన్న ద్విపదలో రాసిపెట్టిందే. ఇల్లు వదిలి కొండకు బయల్దేరిన పిల్లవాడు మోకాళ్ల మెట్టు దాకా వచ్చి, ఆకలికి, అలసటకు తాళలేక ఒక రాతి మీద పడి నిద్రపోతాడు. కాళ్లకు చెప్పులు ఉన్నాయి. అలమేలుమంగమ్మ పెద్దావిడలా వచ్చి లేపి, ఈ కొండంతా సాలగ్రామమయం, చెప్పులు విడిచి చూడమంటుంది. విడిచి చూస్తే అదే కొండ వేరేగా కనిపిస్తుంది. ఆమె ప్రసాదం పెడుతుంది. పిల్లవాడు ఆమె మీద శతకం చెబుతాడు.

ఈ ఘట్టం చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకుని, చేత్తో పట్టుకోగలిగిన వస్తువుల పేర్ల కింద మాత్రమే గీత గీయండి. భక్తిని గీయలేం, కరుణను గీయలేం. చెప్పులు గీయగలం. ఇక్కడ అలాంటివి మూడు దొరుకుతాయి: చెప్పులు, రాయి, ప్రసాదం. కథ మలుపు తిరిగింది చెప్పుల దగ్గర, కాబట్టి మన బొమ్మ అదే. అమ్మవారిని, పిల్లవాణ్ని కూడా వేస్తే బాగుంటుందని అనిపించడం సహజం. వేయొద్దనే నా సలహా. మెట్ల పక్కన విడిచిన చెప్పుల జత ఒక్కటే ఉంటే, చూసినవాళ్లు ఎవరివని అడుగుతారు. అప్పుడు కథ మీ నోటితో మీరే చెప్పొచ్చు.

సాహిత్యాన్ని వస్తువుగా మలచడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. తాళ్లపాకవారు కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భాండాగారంలో దాచారు. అన్నమయ్య 32 వేల కీర్తనలు చెప్పాడంటారు. వాటిలో 12 వేల పైచిలుకు ఈ రోజు మన చేతిలో ఉన్నాయంటే ఆ రేకుల పుణ్యమే. తాటాకు బదులు రాగిని ఎంచుకున్నవాళ్లు తమ తర్వాత వచ్చే మనుషుల గురించి ఆలోచించారు. బట్ట, మట్టి, కాగితం, లోహం వీటిలో దేని మీద పని చేయాలో తేల్చుకునేటప్పుడు నాకు ఆ రేకులే గుర్తొస్తాయి.

హక్కుల సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. అన్నమయ్య, ధూర్జటి లాంటి పాత కవులతో ఇబ్బంది లేదు. ఈ కాలపు రచయితల కథ తీసుకుంటే మాత్రం, మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. వాళ్ల వాక్యాన్ని మీ వస్తువు మీద రాయాలంటే ముందు వాళ్లనో వారసులనో అడగండి. సరేనంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.

మెట్ల మీద ఏం చూడాలి

అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2,388. మన కథ మోకాళ్ల మెట్టుది కాబట్టి అలిపిరి దారే కావాలి. నడకకు అనుమతించే వేళలు మారుతుంటాయి, ముందురోజే కనుక్కుని ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. గీతలు లేని చిన్న నోట్‌బుక్, ఒక పెన్సిల్ చాలు. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. ఫోటో తీసిన మరుక్షణం కన్ను పని మానేస్తుంది. గుడిలోకి ఫోన్ ఎలాగూ రానివ్వరు, చూసింది గుర్తుపెట్టుకుని గీసే అలవాటు ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

కొంతదూరం ఎక్కాక ఒక మెట్టు పక్కన, నడిచేవాళ్లకు అడ్డం లేకుండా కూర్చోండి. మెట్లపూజ మొక్కుకున్న ఆడవాళ్లు ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమబొట్టు పెడుతూ పైకి వస్తుంటారు. ఆ బొట్టును దగ్గర నుంచి చూడండి. వేలు రాతికి ఆనిన చోట కుంకుమ ముద్దగా ఉంటుంది, వేలు పైకి తీసిన చోట సన్నగా సాగుతుంది. నిలబడి వంగి పెట్టినవాళ్ల బొట్టు మెట్టు అంచుకు దగ్గరగా పడుతుంది, కూర్చుని పెట్టినవాళ్లది కిందికి దిగుతుంది. నిన్నటి బొట్టు మీద ఇవాళ్టి బొట్టు పూర్తిగా కూర్చోదు, పాతది ఒక పక్క కొంచెం బయటికి కనిపిస్తుంది. కర్పూరం వెలిగించిన చోట మసి. ఏ రెండు మెట్లూ ఒకేలా ఉండవు. ఇవన్నీ నోట్‌బుక్‌లో గీసుకోండి, పక్కన మాటల్లో కూడా రాసుకోండి. జానతో మెట్టు ఎత్తు కొలవండి.

మన పటానికి కావలసిన రంగులన్నీ ఆ మెట్టు మీదే ఉన్నాయి. రాతి నలుపు, పసుపు, ఎరుపు. కాళహస్తి కలంకారీ రంగుల్లో ముఖ్యమైనవీ ఇవే. ఈ పనికి ఈ చేతిపనిని ఎంచుకోవడానికి నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

చెప్పుల బొమ్మ కోసం 15వ శతాబ్దపు చెప్పు ఎలా ఉండేదో ఊహించుకుంటూ కూర్చోకండి. కింద అలిపిరిలో మీరు విడిచిన చెప్పులనే గీయండి. మడమ దగ్గర అరుగుదల ఏ వైపు ఎక్కువో, బొటనవేలి గుంట ఎంత లోతో, పట్టీ ఎక్కడ వదులైందో చూసి గీయండి. చదివిన కథ, నడిచిన దారి ఈ బొమ్మలోనే కలుస్తాయి. అన్నమయ్య చెప్పులు ఉండాల్సిన చోట మీ చెప్పులు ఉంటాయి. పటం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇది. దీన్ని మాత్రం ఎవరి డ్రాయింగ్ నుంచీ తీసుకోవద్దు.

కొలతలు

దారి పొడవుగా, నిలువుగా ఉంది కాబట్టి పటం కూడా అలాగే ఉండాలి. పూర్తయ్యాక 8 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు ఉండేలా అనుకుందాం. ఇంట్లో మేడమెట్ల పక్కన ఉండే సన్నటి గోడకు సరిపోతుంది. బట్ట పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాలు ఉంటే ఒక్కో ముక్క 15 అంగుళాల చొప్పున మూడు వస్తాయి, అంచు మడతకు అటూ ఇటూ అర అంగుళం పోతుంది. ఒకటి అసలు పటానికి, ఒకటి చేయి అలవాటుకు, ఒకటి రంగుల పరీక్షకు. బట్ట తడిస్తే కుంచించుకుపోతుంది, పొడవులో ముందే కొంత ఎక్కువ తీసుకోండి.

3,550 మెట్లు గీయలేం. 50 మెట్లకు ఒక గీత అనుకుంటే 71 గీతలు వస్తాయి. గీతకూ గీతకూ అంగుళం ఎడం ఇస్తే 71 అంగుళాలు. 8 అడుగులంటే 96 అంగుళాలు, మిగిలింది 25. పైనా కిందా ఐదేసి అంగుళాలు ఖాళీ వదిలేస్తే ఇంకా 15 ఉంటాయి. గాలిగోపురం దాటాక దారి చదునుగా సాగుతుంది కదా, ఆ 15 అంగుళాలు దానికి ఇవ్వండి. అక్కడ ఏమీ గీయకండి. ఎక్కినవాళ్లకు ఆ ఖాళీ ఎందుకుందో చెప్పకుండానే తెలుస్తుంది. మోకాళ్ల మెట్టు ఈ దారిలో చివరి భాగంలో వస్తుంది కాబట్టి చెప్పులు పటం పైభాగంలో, గీతలకు ఒక పక్కగా వస్తాయి.

వేరే ప్రయాణానికి లెక్క వేరు. గుడిమల్లంలో గర్భగుడి నేల ముందున్న మండపం కన్నా పల్లంలో ఉంటుంది, దానికి గోడ మీద వేలాడే పటం నప్పదు, లోపలికి వంగి చూసే లోతైన పెట్టె కావాలి. చంద్రగిరి రాజమహల్‌ను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. దాని మీద చేసే వస్తువులో చెక్క వాడకపోవడమే మొదటి నియమం, పలమనేరు మట్టి పని చేసేవాళ్లు దానికి తోడు. నేలపట్టుకు ఏటా వచ్చి గూడు కట్టి వెళ్లిపోయే గూడబాతులకు గుండ్రటి బల్లగుడ్డ. ఎర్రచందనం జోలికి మాత్రం పోవద్దు. శేషాచలం అడవి నుంచి ఒక్క పుల్ల తెచ్చినా నేరం.

బట్ట, కలం, రంగు

ఇక్కడ రెండు దార్లున్నాయి. మీరే నేర్చుకుని చేయొచ్చు, లేదా డిజైన్ మీది, చేయి కళాకారులది అనుకోవచ్చు. రెండో దారి పట్టినా ఒక్కసారి మీ చేత్తో చేసి చూడండి, లేకపోతే ఏం అడగాలో తెలియదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి బస్సులో గంట ప్రయాణం. సన్నగిల్లిపోతున్న ఈ పని 1950ల్లో, చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ మొదలయ్యాక మళ్లీ నిలబడింది. ఈ పనిలో పేరుపొందిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఊళ్లో చాలా ఇళ్లలో పని జరుగుతుంది. వెళ్లినప్పుడు డిజైన్ ఫైలు చూపించి ధర అడిగేయకండి. "అన్నా, కాసేపు కూర్చుని చూడొచ్చా?" అని అడగండి. ఎవరూ కాదనరు. బ్లాకులతో అద్దేది కృష్ణా జిల్లా పెడన పద్ధతి, కాళహస్తిది కలంతో గీసే పద్ధతి. బ్లాకుతో అద్దితే మీ బొట్లన్నీ ఒకేలా వస్తాయి, మెట్టు దగ్గర కూర్చుని మీరు చూసిందంతా వృథా అవుతుంది.

ముతక గాడా బట్టను ఒక రాత్రి నానబెట్టి, బాగా ఉతికి గంజి వదిలించండి. కరక్కాయ పొడిని పచ్చి గేదెపాలలో కలిపి, పలుచటి మజ్జిగలా అయ్యాక బట్టను అందులో ముంచి, అన్నివైపులా సమంగా పట్టేలా పిసికి, పిండి ఆరేయండి. బట్ట లేత పసుపుకు తిరుగుతుంది. ఈ ఒక్క మెట్టులో తొందర పడితే తర్వాత దిద్దుకోలేరు. కరక్కాయలో ఉన్న వగరు నల్లరంగును పట్టి ఉంచుతుంది, పాలలో ఉన్న కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. పాలు పలుచనైతే గీత అంచులు ముళ్లుముళ్లుగా విచ్చుకుంటాయి. పరీక్ష ముక్క మీద ఒక గీత గీసి, అంచు శుభ్రంగా నిలిచాకే అసలు బట్ట తీయండి.

చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో 71 గీతలకూ గుర్తులు పెట్టుకోండి. స్కేలు గుర్తులకే, గీత మాత్రం చేత్తో గీయాలి. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల, మొనకు కొంచెం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ గుడ్డ రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కే కొద్దీ రంగు మొనలోకి దిగుతుంది. పెన్నులా రాయబోతే మొదట్లో చుక్క పడిపోతుంది. చేయి గాలిలో ఉంచి భుజం నుంచి లాగండి. ఊరబెట్టిన నల్లరంగు గీసిన క్షణంలో వెలిసినట్టు ఉంటుంది, చూస్తుండగానే కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. కనపడటం లేదని మళ్లీ దిద్దకండి.

మెట్లు, చెప్పులు అయ్యాక అక్షరాలు. కాళహస్తి పాత పటాల్లో ఒక్కో ఘట్టం కింద తెలుగులో కథ రాసి ఉంటుంది, అది ఈ చేతిపనిలో భాగమే. మన పటంలో ఒక్క మాట చాలు. కీర్తన ఏదీ ఎత్తి రాయకుండా మీ మాటే రాయండి. "ఇక్కడ విడిచాను" అంటే సరిపోతుంది. అక్షరం వేలి వెడల్పు కన్నా చిన్నదైతే రంగు కూడుకుని వ, మ లోపలి గుండ్లు మూసుకుపోతాయి. ముందు పరీక్ష ముక్క మీద రాసి చూసుకోండి.

తర్వాత బొట్లు. ఎరుపు నేరుగా పూయరు. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ వేరే కలంతో పటిక నీళ్లు పెడతారు. మీరు పెట్టిన బొట్టు దాదాపు కనపడదు, అందుకే కింది మెట్టు నుంచి పైకి వరుస తప్పకుండా వెళ్లండి. నోట్‌బుక్ పక్కన తెరిచి ఉంచి, ముద్దగా ఉన్న బొట్టు ముద్దగా, సాగిన బొట్టు సాగినట్టుగా పెట్టండి. కనీసం ఒకరోజు ఆగి, పారే నీళ్లలో బట్టను మడత పడకుండా ఉతకాలి. కాళహస్తివాళ్లు స్వర్ణముఖి ఒడ్డున చేసే పని ఇది. నిలవ నీళ్లలో ముంచితే విడిపోయిన పటిక పక్కన అంటుకుని, అక్కడ కూడా ఎర్రబడుతుంది. ఏట్లో నీళ్లు లేని రోజుల్లో కుళాయి కింద నీళ్లు పారుతూ ఉండేలా చూసుకోండి. ఆ తర్వాత ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరు వేసిన నీళ్లలో సన్నటి సెగ మీద మరిగిస్తూ కర్రతో తిప్పుతుంటే, అంతదాకా కనపడని బొట్లన్నీ ఒక్కొక్కటే ఎర్రగా పైకి వస్తాయి. ఇనుప పాత్ర వాడొద్దు, రంగులన్నీ నల్లబారతాయి. స్టీలుదో మట్టిదో రాగిదో తీసుకోండి.

ఖాళీ జాగాలో మిగిలిన ఎర్రజీరను వదిలించడానికి ఆవుపేడ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో తడుపుతూ ఆరబెడతారు. తెలుపు వచ్చేదాకా ఇది మళ్లీ మళ్లీ చేయాల్సిందే. తర్వాత మరోసారి పాలలో ముంచి ఆరబెట్టి, కరక్కాయ పువ్వు కాచిన రంగుతో మెట్ల మీద పసుపు వేయండి. వంటింట్లో పసుపు వాడాలనిపిస్తుంది, వద్దు, ఎండకు వెలిసిపోతుంది. ఈ పటానికి నీలం అవసరం లేదు. చివరిగా ఒకసారి జాడించి ఆరేయండి.

ట్యాగు, ధర, వేలాడదీయడం

అమ్మాలనుకుంటే ధర లెక్క కళాకారుడి రోజుల నుంచి మొదలుపెట్టండి. ఆయనో ఆవిడో అడిగిన కూలి ముందు, బట్ట, రంగుల ఖర్చు తర్వాత, మీ డిజైన్ ఫీజు ఆఖర్న. కొనేవాళ్లు బేరమాడితే మీ ఫీజులో తగ్గించుకోండి, కూలిలో కాదు. వాళ్లు ఒప్పుకుంటే ట్యాగు మీద మీ పేరుకన్నా ముందు వాళ్ల పేరు వేయండి. రసాయన రంగు ఎక్కడైనా వాడి ఉంటే ఆ సంగతి రాయండి. అన్నమయ్య ఘట్టాన్ని నాలుగు వాక్యాల్లో వెనక ముద్రించండి, చదివినవాళ్లు పుస్తకం వెతుక్కునేలా. ఇదే డిజైన్ కాళ్ల కింద వేసుకునే పట్టా మీద కావాలని ఎవరైనా ఆర్డర్ ఇస్తే తీసుకోకండి. మెట్టుకు పసుపు కుంకుమ పెట్టే ఊరు మనది.

ఉతకాల్సి వస్తే చల్లటి నీళ్లలో, విడిగా, కుంకుడుకాయ రసంతో. సర్ఫు, బ్లీచింగ్ తగలకూడదు. వేలాడదీయడానికి పైన వెదురుబద్ద ఒకటి, బట్ట నిటారుగా ఉండటానికి కింద ఇంకొకటి. నేరుగా ఎండ పడే కిటికీ ఎదురుగా పెట్టకండి. కింది అంచు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, అప్పుడు చెప్పులు మనిషి కంటి ఎత్తుకు పైన వస్తాయి.